14 మంది అని రాసి ఊరుకుంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఖాళీ అవుతున్న పల్లెల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. అందులో కాన్సాస్ రాష్ట్రంలోని నికోడెమస్‌కి రెండే వాక్యాలు దక్కాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ మిగిలింది 14 మంది అని ఒకటి, జనం బతుకుతెరువు కోసం వెళ్ళిపోయారని ఇంకొకటి. అంకె రికార్డులో ఉన్నదే. కానీ ఆ ఊరి గురించి అంతే చెప్పి వదిలేయడం నాకు బాధ కలిగించింది. నేను జనగణన విధులు చేసిన రిటైర్డ్ టీచర్ని. మా అమ్మాయి వాళ్ళు కాన్సాస్‌లో ఉంటారు కాబట్టి ఆ ఊరు వెళ్ళి చూశాను. తర్వాత దాని గురించి దొరికినంత చదివాను.

నికోడెమస్ 1877లో పుట్టింది. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళు కెంటకీ నుంచి వచ్చి కట్టుకున్న ఊరు. వాళ్ళను అంతకుముందు ఎలా లెక్కపెట్టారో ముందు చెప్పాలి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టీలు ఉండేవి. పైన యజమాని పేరు, దాని కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరు రాయలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ మనుషుల్లో ఎక్కువమంది తమ పేరుతో లెక్కలోకి ఎక్కింది 1870లోనే. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నదాన్ని కాబట్టి, ఆ సంగతి చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది.

పేరు కూడా రాయించుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళు, బానిసత్వం పోయిన పన్నెండేళ్ళకే సొంత ఊరు పెట్టుకునే దాకా వచ్చారు. డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడు, డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి కలిసి కొత్త ఊరు పెట్టించడానికి ఒక టౌన్ కంపెనీ పెట్టి, కెంటకీలో కరపత్రాలు పంచారు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం అయిదేళ్ళు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమవుతాయి. ఆ ఆశతో దాదాపు 300 మంది 1877 సెప్టెంబర్‌లో వచ్చారు. వచ్చి చూస్తే చెట్టూ చేమా లేని గడ్డి మైదానం. ఇల్లు కట్టడానికి కలప లేదు. దిబ్బల్లోకి గోతులు తవ్వుకుని వాటిలోనే కాపురం పెట్టారు. మరుసటి ఏడు వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఆవిడ తర్వాత ఆ రోజును గుర్తు చేసుకుంది. ఊరేదీ అని అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి అదే నికోడెమస్ అన్నారట. ఆవిడ ఏడ్చేసింది. వచ్చినవాళ్ళలో కొన్ని కుటుంబాలు వెంటనే వెనక్కి వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళు నాగళ్ళు, పశువులు సరిపడా లేక పారలతో, చేతి పనిముట్లతో నేల తవ్వారు. మొదటి చలికాలంలో వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్ళు తిండి ఇచ్చి ఆదుకున్నారని ఆ ఊరివాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు.

పదేళ్ళు తిరగకుండానే అక్కడ చర్చిలు, బడి, హోటళ్ళు, కిరాణా దుకాణాలు, బ్యాంకు వచ్చాయి. రెండు వార్తాపత్రికలు కూడా నడిచాయి: వెస్టర్న్ సైక్లోన్, నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్. ఆ ఊళ్ళో స్థిరపడిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. రాష్ట్రమంతా ఓటు వేసే పదవికి ఒక నల్లజాతి మనిషి ఎన్నికయ్యాడు, అదీ ఆ కాలంలో! మీ కథనంలో దీనికి ఒక్క వాక్యమైనా చోటు ఇవ్వాల్సింది.

ఇక జనం ఎందుకు వెళ్ళిపోయారు అన్న విషయం. రైలు వస్తే ఊరు నిలబడుతుందని 1887లో అక్కడి ఓటర్లు 16,000 డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అప్పుడప్పుడే గోతుల్లోంచి రాతి ఇళ్ళలోకి వచ్చిన మనుషులు ఆ అప్పు నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డారు. చివరికి రైలు రాలేదు. మరుసటి ఏడాది యూనియన్ పసిఫిక్ లైను ఆరు మైళ్ళ దూరంలో, సాలమన్ నదికి అవతల వేశారు. పట్టాలు వేసే కూలీల మకాం ఉన్నచోట బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ దుకాణదారులు ఒకరి తర్వాత ఒకరు అక్కడికి తరలిపోయారు. పత్రికలు ఆగిపోయాయి. ఎవరు ఎటు పోయారో 1890 జనాభా లెక్కల పట్టీల్లో దొరకాలి. కానీ 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ ఏటి కాగితాల్లో చాలా భాగం పాడైపోయింది. దేశం మొత్తానికీ నష్టమే. అయితే తాతముత్తాతల పేర్లు 1870కి ముందు దొరకనివాళ్ళకు ఇంకో మెట్టు కూడా విరిగిపోయినట్లయింది.

రైలొక్కటే కారణమని నేను అనడం లేదు. 1930లలో కరువు, దుమ్ము తుఫానులు కాన్సాస్ పల్లెలన్నిటినీ దెబ్బ తీశాయి. ట్రాక్టర్లు వచ్చి కమతాలు పెద్దవయ్యేకొద్దీ అన్ని కుటుంబాలకు పని లేకుండా పోయింది. నికోడెమస్ ఉన్న గ్రాహమ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం జనాభా ఇప్పుడు దాదాపు 2,400. ఒకప్పుడు దానికి మూడింతలు పైనే ఉండేది. రైలు దక్కించుకున్న బోగ్‌లో కూడా ఇవాళ రెండు వందల మంది లేరు. కాబట్టి నికోడెమస్ ఏదో చేతకాక పడిపోయిన ఊరు కాదు. కానీ ఆ జిల్లాలో అందరికంటే ముందు దెబ్బ తిన్న ఊళ్ళలో అది ఒకటి, ఆ దెబ్బ తీసింది ఊరివాళ్ళ చేతిలో లేని ఒక నిర్ణయం. 1953లో పోస్టాఫీసు ఎత్తేశారు. బడీ మూతపడింది. ఇవి పోయాక పిల్లలున్న కుటుంబం ఏం చూసుకుని ఉంటుంది? బతుకుతెరువు కోసం వెళ్ళారని ఒక్క మాటలో అనేస్తే ఈ వరస అంతా కనపడకుండా పోతుంది.

14 అనే అంకెను కూడా కాస్త జాగ్రత్తగా వాడాలి. 2020లో అమెరికా సెన్సస్ బ్యూరో, మనుషుల వివరాలు బయటపడకుండా, చిన్న ఊళ్ళ అంకెల్ని కావాలనే కొంచెం అటూ ఇటూ మార్చి ప్రచురించింది. రాష్ట్రాల మొత్తాలు మాత్రం మార్చలేదు. నెబ్రాస్కాలో మొనోవై అనే ఊళ్ళో ఒకే ఒక్క మనిషి ఉంటే లెక్కల్లో ఇద్దరని వచ్చింది. పెద్ద ఊళ్ళకు ఇది పట్టించుకోవాల్సిన తేడా కాదు. పద్నాలుగు మంది ఉన్న చోట ఇద్దరు ముగ్గురి తేడా అంటే ఒక కుటుంబమంత తేడా.

ఇంకొక సంగతి ఏ జనాభా లెక్కలోనూ రాదు. ఏటా జూలై చివర్లో, బానిసత్వ విముక్తిని తలుచుకునే పండగకి ఆ ఊరి సంతతి అమెరికా నలుమూలల నుంచి వస్తారు. ఊరు పుట్టిన తొలి రోజుల నుంచీ ఈ పండగ నడుస్తోంది. ఆ వారాంతం అక్కడ వందల మంది ఉంటారు. పాత కుటుంబాలవాళ్ళు కొందరు చుట్టుపక్కల ఇప్పటికీ వ్యవసాయం చేస్తున్నారు. ఆ సంతతివాళ్ళు పట్టు వదలకుండా అడగబట్టే 1996లో ప్రభుత్వం నికోడెమస్‌ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. మనం జనగణనలో సాధారణంగా నివసించే చోటే రాసుకుంటాం, అది సరైన పద్ధతే. అయితే ఆ పద్ధతికి అందని బంధం ఒకటి ఉందని పత్రికవాళ్ళయినా రాయాలి కదా.

ఇదంతా మన తెలుగు పత్రికకు ఎందుకు రాస్తున్నానంటే, 2011 తర్వాత ఇన్నేళ్ళకు మన దగ్గర జనగణన జరుగుతోంది. జనాభా లెక్కకు 2027 మార్చి 1 తేదీ పెట్టారు. అంకెలు రాగానే ఏ ఊళ్ళో జనం తగ్గారో జిల్లా పేజీల్లో పట్టికలు వస్తాయి. మన రెవెన్యూ రికార్డుల్లో బేచిరాగ్ గ్రామాలు ఎన్నో ఉన్నాయి, సర్వే నంబర్లు ఉంటాయి, ఒక్క ఇల్లు ఉండదు. అవి ఎందుకు అలా అయ్యాయో అడిగితే చెప్పేవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు. కాబట్టి మీరు ఆ పట్టికలు వేసేటప్పుడు జనం తగ్గిన ప్రతి ఊరికీ పక్కన ఇంకో మూడు గడులు పెట్టండి: బడి ఎప్పుడు మూసేశారు, బస్సు ఎప్పుడు ఆగిపోయింది, పోస్టాఫీసు ఉందా లేదా. ఈ వివరాలు మండలాల్లో అడిగితే దొరుకుతాయి. మా మండలం వరకు తిరిగి సేకరించడానికి నేనూ, నాతోపాటు రిటైరైన మరికొందరు టీచర్లూ సిద్ధంగా ఉన్నాం. మీ విలేకరి ఎవరైనా సంప్రదిస్తే చాలు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా