ఆర్‌వీ ఫ్రిజ్‌కు ఫ్యాన్ బిగించే ముందు గాలి దారి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే ఆర్‌వీల్లో, అంటే ఇల్లులా అమర్చుకుని తిరిగే బండ్లలో, ఫ్రిజ్ చల్లబడటం లేదన్న గోల మొదలవుతుంది. దానికి ఎవరిని అడిగినా చెప్పే మందు ఒకటే, వెనక రెండు ఫ్యాన్లు పెట్టించమని. మందు మంచిదే. కాని లోపం గాలిదేనా, ఫ్యాన్ ఎక్కడ ఉండాలి, ఎటు ఊదాలి అని చూడకుండా బిగిస్తే బ్యాటరీ ఖర్చు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

చాలా ఆర్‌వీల్లో ఉండేది అబ్జార్ప్షన్ ఫ్రిజ్. ఇంటి ఫ్రిజ్‌లోలా దీనికి కంప్రెసర్ ఉండదు. సీలు చేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. గ్యాస్ మంటో, కరెంటు హీటరో అడుగున బాయిలర్‌ను కాస్తుంది. నీటిలోంచి విడివడిన అమ్మోనియా ఆవిరి పైకెక్కి కండెన్సర్ రెక్కల దగ్గర వేడి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఎవాపరేటర్‌లో హైడ్రోజన్ మధ్య మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేస్తుంది. తర్వాత దిగువన అబ్జార్బర్ చుట్టల్లో నీటిలో కలిసిపోతుంది. అలా కలిసేటప్పుడూ వేడి పుడుతుంది. కాబట్టి ఫ్రిజ్ వెనక వేడి పోవాల్సిన చోట్లు రెండు: పైన కండెన్సర్, కింద అబ్జార్బర్. చాలామంది పైదాన్నే పట్టించుకుంటారు.

ఈ వేడిని మోసుకుపోయేది గాలే. కింది వెంట్‌లోంచి, అంటే బండి గోడకున్న గాలి కన్నంలోంచి, చల్లగాలి దూరాలి, గొట్టాలను ఒరుసుకుంటూ పైకి పోవాలి, పై వెంట్‌లోంచి బయటపడాలి. పై వెంట్ కప్పు మీద ఉంటే పొగగొట్టంలా లాగుడు దానంతట అదే వస్తుంది. రెండు వెంట్లూ పక్క గోడలోనే ఉన్న బండ్లతోనే తంటా. వేడిగాలి ఫ్రిజ్ నెత్తిన చేరి అక్కడే తిష్ఠ వేస్తుంది.

ఫ్యాన్ కొనడానికి ముందు ఒక రాత్రి పరీక్షకు కేటాయించాలి. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి మధ్య అరలో పెట్టి, తలుపు తీయకుండా ఉంచి, తెల్లారి చూడాలి. 4, 5 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే ఆ వాతావరణంలో ఫ్రిజ్‌కు జబ్బేమీ లేనట్టే. దాటితే గ్యాస్ మీద ఒకసారి, మెయిన్స్ కరెంటు మీద ఒకసారి నడిపి పోల్చాలి. గ్యాస్ మీద బాగుండి కరెంటు మీద లేకపోతే హీటర్ అనుమానం. కరెంటు మీద బాగుండి గ్యాస్ మీద లేకపోతే బర్నర్‌లో మసి, జెట్‌లో దుమ్ము, గొట్టంలో సాలెగూడు. ఇవేవీ ఫ్యాన్‌తో పోయేవి కావు. పగలు రెండింటి మీదా నీరసపడి, రాత్రి చల్లబడ్డాక రెండింటి మీదా కోలుకుంటే అప్పుడు గాలిని అనుమానించాలి. ఈలోపు తలుపు రబ్బరు కూడా చూడండి. సన్న కాగితం నొక్కి తలుపు మూస్తే లాగినప్పుడు బిగువు తెలియాలి, జారి వచ్చేయకూడదు. బండి వాలుగా ఆగి ఉందేమో కూడా చూడాలి. చాలా మోడళ్లు పక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనకలకు 6 డిగ్రీల వాలు దాకానే ఓర్చుకుంటాయి. అంతకు మించిన వాలులో గంటల తరబడి నడిపితే బాయిలర్‌కు ద్రవం సరిగా చేరక అది మాడుతుంది, తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ పెళ్లలు కట్టి గొట్టం పూడుకుపోతుంది. ఆ దెబ్బకు ఏ ఫ్యాన్ కూడా మందు కాదు.

లోపం గాలిదే అని తేలినా ఫ్యాన్ రెండో పనే. మొదట వెనక గూడు కొలవాలి. కింది వెంట్ మూత తీసి టార్చి వేస్తే ఫ్రిజ్ వీపుకు, బండి గోడకు మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. గాలి సోమరి, సులువైన దారే చూసుకుంటుంది. అరచెయ్యి అడ్డంగా పట్టేంత ఖాళీ ఉంటే రెక్కలను తాకకుండా గోడ వెంటే జారిపోతుంది. కండెన్సర్ దగ్గర గోడకు, రెక్కలకు మధ్య 25 మిల్లీమీటర్లకు మించి ఉండకూడదు. ఎక్కువుంటే అల్యూమినియం రేకు వంచి గోడ వైపు నుంచి రెక్కల మీదికి ఏటవాలుగా బిగించి, అంచులు అల్యూమినియం టేపుతో మూయాలి. ఫ్రిజ్ నెత్తిన బోలు ఉంటే దాన్నీ రేకుతో కప్పి, గాలిని పై వెంట్ వైపు మళ్లించాలి. థర్మోకోల్ లాంటి కాలే సరుకు బర్నర్, దాని పొగగొట్టం దరిదాపుల్లో ఉండకూడదు. ఇంతవరకూ చేసి, కింది వెంట్ దగ్గర పల్చటి టిష్యూ పేలిక పట్టుకుంటే లోపలికి వంగాలి. కొన్ని బండ్లకు ఈ రేకు పనే సరిపోతుంది. వెంట్లకు పురుగులు రాకుండా కొట్టిన సన్న జాలీ గాలిని ఎంత ఆపుతుందో కూడా ఈ పేలికే చెబుతుంది. జాలీ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి.

ఇక ఫ్యాన్ సంగతి. 12 వోల్టుల, 120 మిల్లీమీటర్ల, బాల్ బేరింగ్ ఉన్న బ్రష్‌లెస్ ఫ్యాన్లు రెండు చాలు. వాన జల్లు తగిలే చోటైతే నీటికి ఓర్చే రకం కావాలి. కండెన్సర్‌కు కాస్త కింద, పక్కపక్కన, పైకి ఊదేలా అల్యూమినియం పట్టీ మీద బిగించడం మేలు. అక్కడ గాలి అంత వేడిగా ఉండదు కాబట్టి ఫ్యాన్ ఎక్కువ కాలం మన్నుతుంది. గోడ వెంట్లయితే పై వెంట్ దగ్గర బయటికి తోసేలా పెట్టవచ్చు. ఎక్కడ పెట్టినా పట్టీ గూడు మొత్తాన్ని మూసేయకూడదు, ఫ్యాన్ ఆగినప్పుడు సహజమైన లాగుడు మిగలాలి. బర్నర్ పక్కన ఫ్యాన్ పెట్టి మంట మీదికి ఊదిస్తే మంట రెపరెపలాడుతుంది, ఆరిపోతుంది, మసి కడుతుంది. కింద ఫ్యాన్ పెట్టక తప్పకపోతే అది అబ్జార్బర్ చుట్టల వైపే తిరిగి ఉండాలి. పట్టీకి, ఫ్యాన్‌కు మధ్య రబ్బరు వాషర్లు వేస్తే రాత్రిపూట గుయ్యిమనదు. ఒక మాట గట్టిగా చెప్పాలి: ఫ్రిజ్ వీపు మీద ఎక్కడా డ్రిల్లు పెట్టకండి. గొట్టానికి చిల్లు పడితే అమ్మోనియా బయటికొస్తుంది, ఆ యూనిట్ ఇక అంతే.

వైరింగ్ వరస ఇదీ. బ్యాటరీ ప్లస్ నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత స్విచ్, తర్వాత థర్మోస్టాట్ (వేడిని బట్టి దానంతట అదే పనిచేసే స్విచ్), అక్కణ్నుంచి ఫ్యాన్ల ఎర్ర వైర్లు. నల్ల వైర్లు మైనస్‌కు. 1 చదరపు మిల్లీమీటరు వైరు సరిపోతుంది. ఫ్రిజ్ సర్క్యూట్ బోర్డు నుంచి కరెంటు తీయడం సులువుగానే కనిపిస్తుంది కాని, దానికి అంత భారం మోసే ఏర్పాటు ఉందో లేదో తెలియకుండా తగిలిస్తే పోయేది బోర్డే. థర్మోస్టాట్ 45 డిగ్రీల దగ్గర కలిసేది కావాలి, కండెన్సర్ రెక్కకు ఆనించి క్లిప్పుతో పట్టించాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ‘నార్మల్లీ ఓపెన్’ రకం, ‘నార్మల్లీ క్లోజ్డ్’ రకం చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండోది పెడితే చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాన్ తిరిగి, వేడెక్కగానే ఆగిపోతుంది! బిగించే ముందు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వేడినీళ్లలో ముంచండి, దాని రెండు కొసలకు తగిలించిన మల్టీమీటర్ వేడికి మోగాలి, చల్లారితే ఆగాలి.

బ్యాటరీ లెక్క పెద్దదేం కాదు. ఒక్కోటి 0.2 ఆంపియర్లు తీసుకునే రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే 4 ఆంపియర్-అవర్లు. థర్మోస్టాట్ లేకుండా రాత్రీ పగలూ వదిలేస్తే రోజుకు 10కి దగ్గరవుతుంది, సోలార్ మీద బతికే బండికి అది తెలుస్తుంది.

ఫ్రిజ్ లోపల రెక్కల మీదికి ఊదే చిన్న 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ వేరే సరుకు. అది పై అరకు, కింది అరకు మధ్య తేడా తగ్గిస్తుంది, కొత్తగా పెట్టిన సామాను తొందరగా చల్లబడుతుంది. వెనక వేడి పోకపోతే మాత్రం దానితో ప్రయోజనం తక్కువ. అరలను కుక్కి నింపితే అది ఊదడానికి సందే ఉండదు.

అన్నీ అయ్యాక అదే గ్లాసు, అదే అర, అంతే ఎండ ఉన్న రోజు చూసి మళ్లీ కొలవండి. గాలి దారి సరిగా ఉండి, ఫ్యాన్లు తిరుగుతూ కూడా అంకె కదలకపోతే లోపం కూలింగ్ యూనిట్‌లోనే ఉంది. వెనక పసుపు పొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు తగిలినా అంతదాకా ఆగనక్కర్లేదు. వెంటనే గ్యాస్, కరెంటు రెండూ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి, ఆ ఫ్రిజ్‌ను మళ్లీ వెలిగించకూడదు.

ఇట్లు,
ఆర్‌వీ ఫ్రిజ్‌ల పని తెలిసిన ఒక పాఠకుడు