హార్నెస్ అడిగితే ముందు ఎత్తు అడుగుతాం

సోలార్ ప్యానెళ్ళు బిగించే కాంట్రాక్టర్లకు, పెయింటింగ్ మేస్త్రీలకు, మా దగ్గర సేఫ్టీ సామాను కొనే అందరికీ నమస్కారం.

వచ్చే ఒకటో తారీకు నుంచి మా షాపులో మూడు మార్పులు చేస్తున్నాం. నడుముకు మాత్రమే కట్టుకునే బెల్టు అమ్మం. వాడిన హార్నెస్ (ఎత్తు నుంచి పడితే ఆపడానికి భుజాలకు, తొడలకు బిగించుకునే పట్టీల సెట్టు) అద్దెకివ్వం. రెండు మీటర్ల షాక్ అబ్జార్బర్ లాన్‌యార్డ్ (హార్నెస్‌ని గట్టి ఆధారానికి కలిపే, పడితే కుదుపు తగ్గించే తాడు) అడిగితే, పని ఏ ఎత్తులో, హుక్కు దేనికి తగిలిస్తారు అని కనుక్కున్నాకే ఇస్తాం. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న అడక్కుండా అమ్మడం మా తప్పే. ఎందుకంటారా, లెక్క చూడండి.

లాన్‌యార్డ్ పొడవు 6.5 అడుగులు. దానికుండే చిన్న ప్యాకెట్‌లో పట్టీ మడతలు పెట్టి కుట్టి ఉంటుంది. మనిషి పడితే ఆ కుట్లు ఒక్కొక్కటే ఊడుతూ దెబ్బ తగ్గిస్తాయి. యూరప్ వాళ్ళ ఈఎన్ 355 ప్రమాణం ప్రకారం 100 కిలోల బరువుతో పరీక్షించినప్పుడు లాగుడు 6 కిలోన్యూటన్లు దాటకూడదు. అంటే సుమారు 600 కిలోలు వేలాడినంత. అలా ఊడటంలో పట్టీ 1.75 మీటర్ల దాకా సాగొచ్చు, అది 5.75 అడుగులు. లాన్‌యార్డ్ తగిలించే, హార్నెస్ వీపు మీది రింగు నుంచి పాదాల దాకా 5 అడుగులు. నేల తగలకుండా 3.25 అడుగుల ఖాళీ ఉంచాలి. అన్నీ కలిపితే, హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి 20.5 అడుగులు ఖాళీగా ఉండాలి.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ళ మీద సోలార్ పని బాగా పెరిగింది. ఒక అంతస్తు ఇంటి డాబా నేల నుంచి మహా అయితే 12 అడుగులు. అక్కడ కాళ్ళ దగ్గర హుక్కు వేసుకుని అంచున నిలబడితే, ప్యాకెట్ పూర్తిగా విచ్చుకునేలోపే మనిషి నేలకు తగులుతాడు. రెండంతస్తుల ఇంటికి 22 అడుగులు ఉన్నా ధీమా వద్దు. కిటికీ మీది సజ్జా డాబా అంచుకు మూడు నాలుగు అడుగుల కిందే ఉంటుంది. ఇంటి గోడకు దగ్గరగానే ప్రహరీ ఉంటుంది. కొలవాల్సింది నేల దాకా కాదు, పడేటప్పుడు మొదట తగిలేదాని దాకా.

తక్కువ ఎత్తుల్లో పడ్డాక పట్టుకునే తాడు కన్నా అంచు దాకా వెళ్ళనివ్వని తాడే మంచిది. హుక్కు వేసే చోటు నుంచి దగ్గరి అంచు ఎంత దూరమో టేపుతో కొలిచి, వీపు రింగు అంచుకు ఇంకా రెండు అడుగులు ఉండగానే ఆగిపోయేలా పొడవు బిగించుకోవాలి. మూలకు జరిగితే రెండో అంచు దగ్గరవుతుంది, అప్పుడు మళ్ళీ కొలవాలి. తల పైన గట్టి ఆధారం దొరికితే రిట్రాక్టబుల్ బ్లాక్ (కేబుల్‌ని తనలోకే చుట్టుకుంటూ, పడగానే బిగుసుకునే పరికరం) వాడొచ్చు. మామూలు బ్లాక్‌ని కాళ్ళ దగ్గర కట్టి కేబుల్‌ని స్లాబు అంచు మీదుగా తీయకండి, రాపిడికి తెగిపోవచ్చు. డాబా మీద ఎనిమిది పది అడుగులు లేపిన స్ట్రక్చర్‌కు ప్యానెల్ ఎక్కించాలంటే రెయిలింగ్ ఉన్న పరంజా వేసుకోవడమే సరైన పద్ధతి. అక్కడ మా హార్నెస్ కొని ఆ డబ్బు దండగ చేసుకోవద్దు.

మేం ఎక్కువగా భయపడేది హుక్కు తగిలించే చోటు గురించే. ఏసీ బ్రాకెట్, పీవీసీ పైపు, డిష్ పోల్, వాటర్ ట్యాంకు స్టాండు, ప్యానెల్ కింది అల్యూమినియం రెయిలు, ఇటుక పిట్టగోడ: ఇవేవీ ఆ లాగుడుకు నిలవవని అనుకునే పని చేయాలి. డాబా మీద వదిలేసిన కాలమ్ చువ్వలు గట్టివేగా అంటారు. పై కొస తెరిచే ఉంటుంది కాబట్టి హుక్కు జారి బయటికొస్తుంది. చువ్వ గాట్లు స్లింగు పట్టీని (హుక్కు తగిలించడానికి ఆధారం చుట్టూ వేసే పట్టీని) కోస్తాయి. ఆర్‌సీసీ కాలమ్ చుట్టూ తొడుగున్న స్లింగు వేయండి, లేదా ఆర్‌సీసీలో సరిగా దించిన రేటెడ్ (ఎంత లాగుడు తట్టుకుంటుందో తయారీదారు చెప్పిన) యాంకర్ బోల్టు వాడండి. ఆ చోటు మీ వెనక సూటిగా ఉండాలి. పక్కకు ఎక్కువ జరిగితే పడినప్పుడు ఊయలలా ఊగి గోడకు కొట్టుకుంటారు.

జంట హుక్కుల లాన్‌యార్డ్ వాడేవాళ్ళు ఖాళీ హుక్కుని నడుము పక్క రింగుకు తగిలిస్తుంటారు. పడినప్పుడు లాగుడు ఆ దారిన పోతే ప్యాకెట్ తెరుచుకోదు, దెబ్బంతా ఒంటికే. దాన్ని లాగితే ఊడివచ్చే పార్కింగ్ లూప్‌కే పెట్టండి. లాన్‌యార్డ్‌కి ముడి వేయొద్దు.

తొడుక్కునేటప్పుడు వీపు రింగు పట్టుకుని దులిపితే పట్టీల మెలికలు విడతాయి. రింగు రెండు భుజపుటెముకల మధ్యకు రావాలి, ఛాతీ పట్టీ రొమ్ము మధ్యన ఉండాలి. తొడ పట్టీలో అరచేయి చాపి పెడితే దూరాలి, పిడికిలి దూరకూడదు. ఉక్కపోతకు ఈ పట్టీలే వదులు చేస్తారు, పడ్డప్పుడు గజ్జల్లో దెబ్బ తగిలేది దానివల్లే.

నడుం బెల్టు ఆపడానికి కారణం, పడితే లాగుడంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. మనిషి అందులోంచి జారిపోనూ వచ్చు. అమెరికాలో పడకుండా ఆపే పనికి దాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. అద్దె ఆపడానికి కారణం, ఒకసారి పడ్డ హార్నెస్‌ని మళ్ళీ వాడకూడదు. పడిందో లేదో తిరిగిచ్చేవాళ్ళు చెబితే తప్ప మాకు తెలియదు. దీనివల్ల మీకు ఖర్చు పెరుగుతుంది, కాదనం.

ఇంకొకటి. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. పైన ఒక్కరే పని చేయకండి. దించడానికి నిచ్చెన, తాడు ముందే సిద్ధంగా ఉంచండి. వేలాడేవాళ్ళు కాళ్ళు ఆడిస్తూ ఉండాలి. నిలబడటానికి వీలిచ్చే సస్పెన్షన్ పట్టీలు మా దగ్గరున్నాయి.

పాత హార్నెస్‌లు తెస్తే ఉచితంగా చూసిపెడతాం. పట్టీని తిరగేసిన యూ ఆకారంలో వంచితే తెగిన పోగులు పైకి లేస్తాయి. పెయింటు గడ్డకట్టి బిరుసెక్కిన చోటు, ఎండకు వెలిసిన చోటు, తెగిన కుట్టు, లేబుల్ లేనిది, ప్యాకెట్ కవరు చిరిగినది కనబడితే మీరు సరేనన్నాక అక్కడే కత్తిరించేస్తాం, ఇంకెవరూ వాడకుండా. వచ్చేటప్పుడు లాన్‌యార్డ్, హుక్కులు కూడా తీసుకురండి. ఉతకాలనుకుంటే మామూలు సబ్బు, చన్నీళ్ళు చాలు. బ్లీచింగ్ వద్దు, నీడలోనే ఆరేయండి.