పూల అట్ట వెనక ఏముందో చెప్పండి

వేధింపుల్నీ బలవంతాన్నీ ప్రేమగా చూపే డార్క్ రొమాన్స్ నవలలకు హెచ్చరిక, వయసు గుర్తు అట్ట మీదే ఉండాలి. పదో తరగతి చదివే మా అక్క కూతురి చేతిలో పూలబొమ్మల అట్టతో ఉన్న ఒక నవల తిరగేశాను. కోటీశ్వరుడైన కథానాయకుడు అమ్మాయి ఫోన్‌పై నిఘా పెడతాడు, ఉద్యోగం ఊడగొట్టిస్తాడు, చివరికి బంగళాలో బంధిస్తాడు, ఇదంతా ప్రేమేనట! బలవంతపు సన్నివేశాలున్నాయన్న మాట లోపలెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఈ రుచి కొత్తదేం కాదు: 1740లో వచ్చిన ఇంగ్లిష్ రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్ నవల ‘పమేలా’లోనూ సంపన్న యజమాని పనిపిల్లను వేధించి, నిర్బంధించి, ఆఖరికి పెళ్లాడతాడు. అందరినీ గడగడలాడించేవాడు కథానాయిక ఒక్కదాని ముందు తలవంచడంలో ఓ మత్తుంది. పుస్తకం మూస్తే వాడూ మాయమవుతాడన్న భరోసా ఉంది. నేనూ తెల్లారేదాకా చదివినదాన్నే, కాదనను. కానీ వాడి డబ్బూ పలుకుబడీ తీసేసి చూడండి, మిగిలేది పోలీసు కేసే. నిషేధం వద్దు, పిల్లలు దాచుకుని మరీ చదువుతారు. ప్రచురణకర్తలు హెచ్చరికను అట్టపై పెద్ద అక్షరాల్లో వేయాలి. దుకాణాలు, గ్రంథాలయాలు వీటిని టీనేజీ పుస్తకాల అరలోంచి తీసి పెద్దల అరలో పెట్టాలి.

— ఒక పాఠకురాలు