బీపీకి గోడకుర్చీ

సంపాదకులు గారికి,

ముప్పై ఏళ్లు పిల్లలతో గోడకుర్చీ వేయించిన పంతుల్ని. ఇప్పుడు అదే గోడకుర్చీ బీపీ కోసం నేను వేస్తున్నాను. ఆర్నెల్ల కింద చూపించుకుంటే 146/92 వచ్చింది. డాక్టరు గారు ఉప్పు తగ్గించమని, రోజూ నడవమని చెప్పి పంపారు.

నడక మంచిదే, షుగరుకూ పనికొస్తుంది, నేనూ మానలేదు. కానీ 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 270 పరిశోధనలను కలిపి లెక్కగట్టిన వ్యాసం ఒకటి వచ్చింది. నడక, పరుగు, సైకిల్ లాంటివి పై బీపీని సగటున నాలుగున్నర పాయింట్లు తగ్గించాయట. బరువులెత్తడమూ దాదాపు అంతే. కదలకుండా కండరాలను బిగించి ఉంచే వ్యాయామాలైతే ఎనిమిది పైన తగ్గించాయి. వాటిలో పై బీపీకి బాగా పనిచేసింది మన గోడకుర్చీయే!

వీపు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు జారి, రెండు నిమిషాలు ఉండాలి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. అట్లా నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు, బీపీ ఇంకా ఎక్కుతుంది. మొదటి రోజు నలభై సెకన్లకే నా తొడలు గజగజ వణికాయి, చొక్కా వెనకంతా సున్నం. 'తాతా, ఏం తప్పు చేసినవ్?' అని అడిగాడు మనవడు. నా చేతిలో గోడకుర్చీ వేసిన పిల్లలు గుర్తొచ్చి జవాబు చెప్పలేకపోయాను.

ఇదంతా ఎందుకంటే, మా నల్లగొండ జిల్లా పల్లె దవాఖానల్లో బీపీ గోలీలు తీసుకునే ఆడవాళ్లకు కూడా 'నడవండమ్మా' అనే చెబుతున్నారు. ఎక్కడ నడవాలి? తెల్లారగట్ల కుక్కలు, తెల్లారాక రోడ్డు మీద లారీలు, ఎండాకాలం ఎనిమిది దాటితే నిప్పులు. గోడ లేని ఇల్లు ఉండదు కదా. గోలీలిచ్చేటప్పుడే ఏఎన్ఎం ఒక్కసారి వేసి చూపిస్తే ఐదు నిమిషాల పని. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, బాగా ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలని, గోలీలు మానొద్దని కూడా అప్పుడే చెప్పాలి.

మా పార్కులో ఓపెన్ జిమ్ యంత్రాలు రెండు తుప్పుపట్టి ఊడిపోయాయి. వాటి రిపేరు ఎప్పటికయ్యేనో! ఈలోగా ప్రతి దవాఖాన గోడ మీద గోడకుర్చీ బొమ్మ ఒకటి వేయించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. పెయింటు ఖర్చే కదా.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ