ఉగ్రస్తంభం నడకలో మాకు తోడు నిలిచిన వాళ్లందరికీ

అహోబిలం కొండల్లో ఉగ్రస్తంభం దాకా నడిచి వెళ్లి, అందరం క్షేమంగా కర్నూలు చేరుకున్నాం. నాయన, నేను, మా ఆవిడ, మేనల్లుడు. "అరవై దాటిన మనిషిని తీసుకుపోవచ్చా, ఒక్క రోజులో పోయి రాగలమా" అని నేను అడిగినప్పుడు తెలిసిన వాళ్లూ, ముఖపరిచయం కూడా లేని వాళ్లూ ఎంతో ఓపిగ్గా జవాబు చెప్పారు. వాళ్ల పేర్లు రాయను, వాళ్లకది ఇష్టం ఉండదు. చదివితే ఇది తమ గురించేనని వాళ్లకే తెలుస్తుంది.

అహోబిలం 108 దివ్యదేశాల్లో, అంటే ఆళ్వార్లు పాడిన విష్ణు క్షేత్రాల్లో, ఒకటి. నవ నారసింహుల గుళ్లలో చాలావాటికి నాయన ఇదివరకే వెళ్లాడు. స్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పే ఆ ఉగ్రస్తంభం, కొండ మీద స్తంభంలా నిలబడిన బండ, మాత్రం మిగిలిపోయింది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి సుమారు 4 కిలోమీటర్లు, చాలావరకు మెట్లే. స్తంభానికి పోయే దారి అట్లా కాదు. మెట్లుండవు. రాళ్ల మీద వేసిన రంగు గుర్తులు చూసుకుంటూ, వేర్లూ బండలూ పట్టుకుంటూ ఎక్కాలి. అందుకే నాకు టెన్షన్.

ముందుగా ఆళ్లగడ్డ పెద్దాయనకు నమస్కారం. అడవి శాఖలో వాచర్‌గా చేసి రిటైరైన మనిషి. ఫోన్‌లో ఆయన మొదట అడిగింది నాయన వయసు కాదు, ఏ నెలలో పోతున్నామని. కార్తీకంలో వద్దన్నారు. వానలు పూర్తిగా వెనకబట్టి ఉండవు, పైన కురిస్తే దారిలోని భవనాశి ఏరు ఇట్టే పొంగుతుంది, రాళ్లు పాచిపట్టి ఉంటాయి. వేసవి మాటే ఎత్తొద్దన్నారు. వాన నీళ్లు తగ్గి ఎండ ముదరని మార్గశిరమే మంచిదని ఆయనే తేల్చారు. "ఎక్కేది కష్టం కాదప్పా, దిగేటప్పుడే మోకాళ్లు పట్టుకుంటాయి" అని, తను వాడిన వెదురు కర్ర బస్సులో పంపించారు. ఆ కర్ర లేకపోతే దిగేటప్పుడు నాయన చాలా ఇబ్బంది పడేవాడు.

ఇంకొకరు మా పిన్నమ్మ కొడుకు. ఉద్యోగం స్కాట్లాండ్‌లో. సెలవు దొరికితే అక్కడి కొండలు ఎక్కుతుంటాడు. మన నల్లమలకూ వాటికీ పోలికే లేదు. చెట్టనేది లేకుండా మైళ్ల కొద్దీ గడ్డి, పొదలు, కాలు పెడితే దిగబడే తడి నేల, ఉన్నట్టుండి కమ్మేసే పొగమంచు. డిసెంబరులో అక్కడ పగలు 7 గంటలుంటే గొప్ప. కాబట్టి కొండ ఎక్కే ముందు రోజే కాగితం మీద లెక్క వేసుకుంటారట. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన లెక్క: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, దాని మీద 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, మంచి దారిలో, ఎక్కడా ఆగకుండా నడిస్తే. "పెదనాన్నకు రెండింతలు వేయి అన్నా, రాళ్లుంటే ఇంకా కలుపు" అన్నాడు. వాడు తయారు చేసి పంపిన కాగితంలో ప్రతి చోటికీ రెండు టైములున్నాయి. మామూలుగా చేరే టైము ఒకటి, ఇది దాటితే ఇక ముందుకు పోకూడదనే టైము ఇంకొకటి.

ఈ రెండో టైము కోసమే నేనీ పోస్టు రాస్తున్నాననుకోండి. పైకి ఎట్లా పోవాలో నాకు చాలామంది చెప్పారు. ఎక్కడ ఆగిపోవాలో చెప్పింది ఈ ఇద్దరే. జ్వాలా నరసింహస్వామి గుడికి 10 గంటలకల్లా చేరకపోతే నాయన అక్కడే ఉండిపోవాలి, మిగతావాళ్లం ఎక్కడున్నా సరే 12:30కి వెనక్కి తిరగాలి. ఇంట్లో కూర్చుని అందరం ముందే ఒప్పుకున్నాం. కొండ మీద, ఆయాసంలో, దేవుడి దగ్గర ఆ మాట మాట్లాడాల్సి వస్తే ఏ కొడుకూ తండ్రికి వద్దని చెప్పలేడు.

కర్నూలులో మా డాక్టర్ గారికి కూడా రుణపడి ఉన్నాం. బీపీ మాత్ర ఆ రోజు కూడా మానొద్దని, ముందు నుంచే జగన్నాథ గట్టు ఎక్కి దిగమని నాయనకు చెప్పారు. నీళ్లు మనిషికి 3 లీటర్లు, లీటరు నీళ్లలో కలుపుకునే ఓఆర్ఎస్ పొడి కూడా పెట్టుకోమన్నారు.

పొద్దున ఐదింటికే తలుపు తీసి ఇడ్లీ పెట్టిన ఎగువ అహోబిలం హోటలక్కకు, మాతో నడిచిన చెంచు అన్నకు ఎన్ని చెప్పినా తక్కువే. దారిలో ఫోన్లు పనిచేయలేదు. ఏదో ఒక కంపెనీ టవర్ అందితేనే 112 కలుస్తుంది, ఏదీ అందకపోతే అదీ లేదు. అందుకని మేం ఎంతమందిమి పోతున్నామో, ఎన్నింటికి తిరిగి రావాలో అక్క ఒక చీటీ మీద రాయించుకుని గల్లాపెట్టెలో పెట్టుకుంది. సాయంత్రం 5 దాటితే మనుషుల్ని పంపుతానంది.

జ్వాలా నరసింహస్వామి గుడికి పదిన్నరకు చేరాం. నాయన గడియారం చూసుకున్నాడు. "మీరు పోయి మొక్కి రాండి" అన్నాడు, అంతే. మా ఆవిడ ఆయనకు తోడుగా ఉండిపోయింది. మేనల్లుడు, నేను చెంచు అన్న వెనకే కదిలాం. ఎక్కడ చేయి పెట్టాలో, ఏ రాయి కదులుతుందో అన్నే చూపించాడు. కోతులు లాక్కోకుండా సద్ది సంచి తన భుజానికే తగిలించుకున్నాడు. పన్నెండు దాటకముందే స్తంభం మీద పాదుకలకు నాయన పేరున మొక్కాం. అక్కడ గాలి నిలబడనివ్వదు. ఎక్కువ సేపు ఉండలేదు.

దిగి వచ్చాక అందరం జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాం. మూడు దాటేసరికే లోయలో నీడ పడింది. నాలుగున్నరకు హోటల్ ముందు నిలబడితే అక్క ఆ చీటీ తీసి చించేసింది. చెంచు అన్న మాట్లాడుకున్న దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. మేనల్లుడు తన టార్చి ఇస్తే మాత్రం తీసుకున్నాడు.

నాయనకు ఏ వెలితీ లేదు. జ్వాలా నరసింహస్వామి దగ్గర అంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాడు.

ఆళ్లగడ్డ పెద్దాయనా, మీ కర్ర భద్రంగా ఉంది. బస్సులో పంపను. వచ్చే ఆదివారం నాయనను తీసుకుని మీ ఇంటికే వస్తాను, ఆయనకు మిమ్మల్ని చూడాలని ఉంది.