కరుణకి అమ్మ ఉత్తరం

కరుణమ్మా,

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు అలాగే ఉంది. రూతు పిన్ని చేత ఆవకాయ జాడీ పంపాను, తడి చెయ్యి పెట్టకు. నువ్వు ఫోనెత్తి పదిహేను రోజులైంది. పనిలో ఉంటావులే. జూన్‌లో నువ్వు బడి తెరవవని పిన్ని ఏదో అంది, నేను పట్టించుకోలేదు.

పట్టించుకోలేదు గానీ, ఫీజుల గొడవే అయితే నెలనెలా అడగడం మానెయ్యి. మీ ఊళ్లో అంతా కౌలు రైతులు. వాళ్ల చేతిలో డబ్బు ఆడేది సార్వా ధాన్యం అమ్మాక సంక్రాంతికి, దాళ్వా అమ్మాక ఎండాకాలంలో. ఆ రెండు సార్లే కట్టించుకుని, అద్దె, ఆయా జీతం ముందే తీసి పక్కన పెట్టు. వ్యాను జోలికి పోకు.

ప్రార్థన మీద ఎవరైనా గొడవపడ్డారా? గుర్తింపు ఉన్న బళ్లో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకి కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3)లోనే ఉంది. నీ బడికి గుర్తింపు ఉన్నా లేకపోయినా అడ్మిషన్ ఫారంలోనే సంతకం తీసుకో. బైబిలు కంఠత వాక్యం వారానికి ఒకటి చాలు, అదీ యాక్షన్ పాట అయ్యాకే.

ఇక్కడ మందిరం బళ్లో ఒక నాలుగేళ్ల పిల్లాడు రోజూ పదింటికల్లా ఏడుపు లంకించుకునేవాడట. టీచరమ్మంటే భయమన్నారు. పాస్టరయ్యగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. తగ్గలేదు. వారానికి ఆయా కనిపెట్టింది, వాడి నీళ్ల సీసా సాయంత్రం కూడా నిండుగానే ఉంటోందని. యూనిఫాం నిక్కరుకి బకిల్ బెల్టు, ఆ బుల్లి వేళ్లకి ఊడిరాదు. ఒకసారి నిక్కరు తడిపి నవ్వులపాలయ్యాడు, అప్పట్నుంచీ నీళ్లు మానేశాడు, ఉగ్గబట్టుకుంటున్నాడు. కడుపునొప్పి రాదూ మరి! నువ్వు మాత్రం నడుముకి ఎలాస్టిక్ వేయించు. గంటన్నరకోసారి అడక్కుండానే అందర్నీ వరసలో తీసుకెళ్లు. బాత్రూం తలుపుకి లోపలి గడియ పీకించెయ్యి, వేసుకోవడం వాళ్లకి వచ్చు, తీసుకోవడం రాదు. నర్సరీ వాళ్ల చేతికి పెన్సిలివ్వకు, పలకా లావు సుద్దముక్కా ఇవ్వు. గేటు దగ్గర మామయ్యనని ఎవరొచ్చినా సరే, ఫారంలో పేరుంటేనే పిల్లని అప్పజెప్పు.

ఇదంతా బడి తెరిస్తేనే అనుకో. తెరుస్తావు కదూ? వేళకి తింటున్నావా? జాడీ అందిందో లేదో ఒక్క ముక్క చెప్పు. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను పక్కనే కూర్చుంటాను.

మీ అమ్మ