సగటు లెక్కతో పొగ పోదు

సంపాదకుడికి,

చెన్నై ఉత్తర శివారు కాలనీల నివాసులం గాలి గురించి పెట్టుకున్న అర్జీకి మా స్థానిక సంస్థ నుంచి జవాబు వచ్చింది. అందులో మూడు మాటలున్నాయి. వాయు నాణ్యత సూచీ ‘సంతృప్తికరం’గా ఉంది, ఫ్యాక్టరీల సంగతి కాలుష్య నియంత్రణ మండలిది, చెత్త కాల్చడంపై వచ్చిన ఫిర్యాదులన్నీ పరిష్కారమయ్యాయి. రెండో మాట నిజమే, 1981 నాటి వాయు చట్టం కింద ఆ అధికారం మండలికే ఉంది. మిగతా రెండింటితో మాకు పేచీ.

సూచీకి తీసుకునే పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దిగే అతి సన్నని ధూళి కణాలు) అంకె 24 గంటల సగటు. రోజులో 22 గంటలు ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాములు ఉండి, తెల్లవారుజామున చెత్త కాలిన రెండు గంటలు 300కు చేరిందనుకోండి. సగటు 57 వస్తుంది. జాతీయ ప్రమాణం 60 కాబట్టి ఆ రోజు ‘సంతృప్తికరం’ కిందే జమ. అదే 300 రోజంతా ఉంటే ‘తీవ్రం’ అనే ఆఖరి మెట్టు. పిల్లలు బడి వ్యాను కోసం వీధి చివర నిలబడేది సరిగ్గా ఆ రెండు గంటల్లోనే. మణలి, కొడుంగైయూరు, రాయపురంలలోని పరిశీలన కేంద్రాల అంకెలను మేం తప్పుపట్టడం లేదు. అయితే రెండు కిలోమీటర్ల అవతల ఖాళీ స్థలంలో కాలుతున్న టైరు పొగ, గాలి అటు వీస్తే తప్ప వాటికి అందదు.

తనిఖీ వేళ కూడా ముఖ్యం. చలికాలంలో తెల్లవారేసరికి నేల చల్లబడి, పొగ పైకి లేవక ఇళ్ల ఎత్తులోనే పరుచుకుంటుంది. పొద్దెక్కి సముద్రపు గాలి మొదలయ్యాక చెదిరిపోతుంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చేది ఆ తర్వాతే. అప్పటికి మిగిలేది బూడిద. దాని మీద నీళ్లు చల్లి, ఫోటో తీసి, ఫిర్యాదు మూసేస్తున్నారు. కాల్చినదెవరో తేలదు, జరిమానా పడదు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 వసూలు చేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. అది అమలు కావాలంటే ఉదయం ఐదు నుంచి ఏడు దాకా వార్డులో ఒకరు తిరగాలి. ఊడ్చిన ఆకులను సిబ్బందే అక్కడికక్కడ అంటించే అలవాటు ముందు మానాలి. ఆకులకు బండి రాకపోవడమే దానికి కారణం కాబట్టి, వాళ్లను మందలించి లాభం లేదు, బండి పంపాలి.

దుమ్ము పూర్తిగా స్థానిక సంస్థ చేతిలో ఉన్న విషయం. వానాకాలానికి ముందు వాన నీటి కాలువల్లోంచి తీసిన పూడికను నీరు కారడానికి గట్టు మీదే కుప్ప పోస్తారు. ఒక రోజు ఆరితే చాలు, తడిగా ఉండగానే పార నిండా లేస్తుంది, లారీలో పోస్తే ఎగరదు. వారం వదిలేస్తే పైపొర పిండిలా మారుతుంది. బస్సు చక్రాలు దాన్ని రోడ్డంతా పరుస్తాయి, తొలి వానకు సగం మళ్లీ అదే కాలువలోకి దిగుతుంది. తీసిన కూలీ వృథా, గాలీ పాడు. 48 గంటల్లో ఎత్తాలన్న షరతు కాంట్రాక్టులో రాసి, ఎత్తాకే బిల్లు చెల్లిస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

రోడ్లను యంత్రంతో ఊడ్పించామని స్థానిక సంస్థ వాళ్లు చెబుతున్నారు. రోడ్డు దుమ్ము పేరుకునేది అంచున ఒక మీటరు మేర, డివైడర్ పక్కన. అంచున కార్లు నిలిపి ఉంటే యంత్రం నడుమ నుంచే పోతుంది. నీటి నాజిల్ మూసుకుపోయినా, బ్రష్ అరిగినా, ఎత్తే దుమ్ము కన్నా లేపేదే ఎక్కువ. ట్యాంకరుతో తడిపితే ఎండాకాలంలో గంట కూడా ఆగదు. రోడ్డు అంచుకూ కాలువకూ మధ్య మట్టి మీద పేవర్ రాళ్లు పరిస్తే దుమ్ము పుట్టే చోటే పోతుంది.

నివాసులు కూడా తమ ఇళ్ల దగ్గర పెట్టుకున్న, గాలిలో ధూళిని కొలిచే చిన్న సెన్సార్ల అంకెలను జాగ్రత్తగా వాడాలి. తేమ 85 శాతం దాటితే లేజర్ సెన్సార్లు ఎక్కువ చూపిస్తాయి. వాటి పీఎం 10 (కాస్త పెద్ద ధూళి కణాలు) అంకె అసలు నమ్మదగింది కాదు. వంటింటి పొగ గొట్టానికీ ఏసీ యూనిట్‌కూ దూరంగా, మూడు నాలుగు మీటర్ల ఎత్తున బిగించాలి. వీలైతే రెండు వారాలు ప్రభుత్వ కేంద్రం పక్కన పెట్టించి తేడా చూసుకోవాలి. జరిమానా వేయడానికి ఈ అంకెలు చాలవు గానీ, ఏ వీధిలో ఏ గంటకు పొగ లేస్తోందో చెప్పడానికి చాలు. అధికారులు వీటిని పక్కన పడేయకుండా తనిఖీ వేళ నిర్ణయించడానికి వాడుకోవచ్చు.

మేం కోరుతున్నది వార్డువారీ రిజిస్టరు. ఫిర్యాదు అందిన సమయం, మనిషి వెళ్లిన సమయం, కాలినదేమిటి, స్థలం ఎవరిది, జరిమానా ఎంత పడింది అనే ఐదు గడులు చాలు. దాన్ని నెలనెలా వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. భోగి లోపు మొదలుపెడితే, ఆ తెల్లవారుజామున టైర్లూ ప్లాస్టిక్కూ మంటల్లో పడే చోట్లు ముందే తెలుస్తాయి. రిజిస్టరును గోడకు అంటించకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఏ వార్డు వాళ్లైనా ఇవే ఐదు వివరాలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. “ఎన్ని ఫిర్యాదులు పరిష్కరించారు” అని మాత్రం అడగకండి, మళ్లీ ఒక్క అంకెతో సరిపెడతారు. ఫిర్యాదు నంబరు వేసి, దానిపై రాసిన తనిఖీ నివేదిక నకలు అడగండి.

— నివాసుల సంక్షేమ సంఘం తరఫున,
ఉత్తర చెన్నై